ఆస్ట్రేలియన్ ఓపెన్ 2026: క్వార్టర్స్‌కి ఎవరొస్తరో రాసేముందు ఏం చూడాలె

"అన్నా, మా టీమ్‌లో పన్నెండు మందిమి ఆస్ట్రేలియన్ ఓపెన్ మీద పందెం పెట్టుకుంటం. మొదటి మ్యాచ్ మొదలయ్యే లోపు మెన్స్‌లో ఎనిమిది, విమెన్స్‌లో ఎనిమిది క్వార్టర్ ఫైనలిస్టుల పేర్లు, ఇద్దరు చాంపియన్ల పేర్లు రాసియ్యాలె. అందరికంటే తక్కువ కరెక్ట్ అయినోడు అందరికీ బిర్యానీ పెట్టాలె. రెండేండ్ల నుంచి నేనే పెడుతున్న. ర్యాంకింగ్స్ చూసే రాస్తున్న కదా, మరి ఎక్కడ తప్పుతుంది?" అని కదా తమ్మీ నువ్వు అడిగింది.

నీ బాధ నాకు అర్థమైంది. పన్నెండు మందికి బిర్యానీ అంటే ఈ రోజుల్లో చిన్న మాట కాదు.

నా సంగతి ఒక ముక్కలో చెప్త. సైనిక్‌పురి వైపు ఒక కాలనీ కోర్టులో ఇరవై రెండేండ్ల నుంచి పిల్లలకి టెన్నిస్ నేర్పిస్తున్న, అంతకుముందు నేను కూడా కొంత ఆడిన, మోకాలు ఆపేసింది. మెల్‌బోర్న్ ఎన్నడూ పోలేదు. కానీ ప్రతి జనవరి మా ఇంట్లో సంక్రాంతి సకినాలు, టీవీలో ఆ నీలం కోర్టు రెండూ కలిసే వస్తయి, మా ఆవిడ సకినాలు చుడుతుంటే నేను స్కోర్ చదివి వినిపిస్త, ఆమెకి ఆట మీద ఇంట్రెస్ట్ లేదు కానీ జొకోవిచ్ అంటే మాత్రం కోపం, ఎందుకో ఇప్పటిదాకా చెప్పలేదు.

ముందు ఒక మాట. నీ పందెంలో నువ్వు ఫస్ట్ రావాల్సిన పనే లేదు, లాస్ట్ రాకుంటే చాలు. అంటే ర్యాంకింగ్స్ దించి రాసుడు పూర్తిగా పిచ్చి పని కాదు. డ్రా, అంటే ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక, వేసేదే ఆ లెక్కన, 128 మందిలో 32 మందికి సీడింగ్, అంటే ర్యాంకుని బట్టి వరస నంబర్ ఇస్తరు, మొదటి సీడ్, రెండో సీడ్ ఫైనల్ దాకా ఎదురుపడరు, మొదటి నాలుగు సీడ్లకి మొదటి ఎనిమిదిలో ఉన్నోళ్ళు క్వార్టర్స్ దాకా తగలరు, పెద్ద సీడ్‌కి ఇంకో సీడ్ మూడో రౌండ్‌లోనే వస్తడు. అంతా సజావుగా సాగితే మొదటి ఎనిమిది సీడ్లే క్వార్టర్స్‌లో ఉండాలె. కానీ సాగదు. 2017 యాది తెచ్చుకో, నంబర్ వన్ ముర్రే నాలుగో రౌండ్‌లో మిషా జ్వెరెవ్ చేతిలో పోయిండు, నంబర్ టూ జొకోవిచ్ రెండో రౌండ్‌లో ఇస్టోమిన్ అనే వైల్డ్‌కార్డ్ ఆటగాడి (ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు చోటిచ్చినోడి) చేతిలో పోయిండు, కప్పు తీసుకున్నది ఆరు నెలలు ఇంట్లో కూర్చొని వచ్చిన ఫెడరర్, సీడింగ్ 17. ఆ ఏడు నీలాగ రాసినోళ్ళందరూ బిర్యానీ పెట్టే ఉంటరు.

అందుకే నా లెక్క ఇది: ఎనిమిదిలో ఐదు పేర్లు ర్యాంకుల ప్రకారం ఉంచు, మూడు పేర్లు మాత్రం కోర్టు, ఎండ, ఆడిన గంటలు ఈ మూడు చూసి మార్చు. ర్యాంకు అంటే 52 వారాల కూడిక, అందులో పారిస్ మట్టి ఉంది, లండన్ గడ్డి ఉంది, ఏప్రిల్‌లో ఎర్రమట్టి మీద సంపాదించిన పాయింట్లు జనవరిలో మెల్‌బోర్న్ ఎండలో అక్కరకి రావు.

కోర్టు సంగతి కొంచెం వివరంగా చెప్త, ఇది నాకు తెలిసిన పని కాబట్టి. హార్డ్ కోర్ట్ అంటే, మనోళ్ళు సింథటిక్ కోర్ట్ అంటరు చూడు, కింద తారు గానీ కాంక్రీట్ గానీ బేస్ ఉంటది, దానిమీద కొన్నిచోట్ల మెత్తటి కుషన్ పొర, ఆ పైన యాక్రిలిక్ రంగు పొరలు పొరలుగా లాగుతరు. ఆ రంగులో సన్న ఇసుక కలుపుతరు. అసలు కథంతా ఆ ఇసుకలోనే ఉంది. ఇసుక ఎక్కువైతే బాల్ నేలని పట్టుకుంటది, వేగం పోయి పైకి లేస్తది, అంటే స్లో కోర్ట్. ఇసుక తగ్గితే జారినట్టు పోతది. నాలుగేండ్ల కింద మా కాలనీ కోర్టు మళ్ళీ వేయించినం, కాంట్రాక్టర్ గట్టిగా ఉండాలని చెప్పి ఇసుక దండిగా కలిపిండు, రెండు నెలలు మా పిల్లల బూట్ల అడుగులు అరిగిపోయినయి, కొత్త బాల్ రెండు సెట్లకే బోడగుండు అయ్యేది, సర్వీస్ బాగున్న పిల్లగాళ్ళు ఏడ్చిన్రు, వెనక నిలబడి గోడలాగ తిప్పికొట్టే ఒక సన్నటి పిల్ల మాత్రం అందరినీ కొట్టేసింది. నేను చెప్పేది అదే. కోర్టు మారితే గెలిచేటోళ్ళు మారుతరు, ర్యాంకు అదే ఉంటది.

మెల్‌బోర్న్‌లో 1987 దాకా కూయోంగ్ క్లబ్బులో గడ్డి మీద ఆడేటోళ్ళు. 1988లో ఇప్పుడున్న చోటుకి వచ్చిన్రు, రీబౌండ్ ఏస్ అనే ఆకుపచ్చ కోర్టు వేసిన్రు, ఎండకి అది జిగటపట్టేది, కాళ్ళు మడతపడేవి. 2008లో నీలం రంగు ప్లెక్సీకుషన్, 2020 నుంచి గ్రీన్‌సెట్. పేరులో గ్రీన్ ఉంది కానీ రంగు నీలమే, మా శిష్యుడొకడు టీవీలో చూసి ఇదేంది సార్ అని అడిగిండు. ఇప్పటి కోర్టు మరీ స్లో కాదు, మంచి సర్వ్ ఉన్నోడికి నాలుగు పాయింట్లు ఉచితంగా దొరుకుతయి. కానీ అదే కోర్టు పగలు ఒకటి, రాత్రి ఇంకొకటి. పగలు ఎండలో గాలి పల్చబడ్తది, బాల్ లోపలి గాలి వేడెక్కుతది, బౌన్స్ ఎత్తుగా, బాల్ చురుగ్గా వస్తది. రాత్రి చల్లబడితే అదే బాల్ బరువుగా, తక్కువ ఎత్తులో వస్తది, దానికి తోడు రెండు మూడు గేములకే బాల్ మీద నూగు లేస్తుందని ప్లేయర్లు ఎప్పుడూ గొణుగుతనే ఉంటరు. మొదటిసారి ఏడు గేములకి, తర్వాత తొమ్మిదేసి గేములకి బాల్స్ మారుస్తరు, కొత్త బాల్స్ తీసుకున్న గేమ్‌లో ఎవరు సర్వ్ చేస్తున్నరో చూడు, ఆ సర్వ్ చేసేటోడే ఆ గేమ్ ఓడితే మ్యాచ్ తిరిగినట్టే అనుకో.

ఎండ గురించి మన హైదరాబాదోళ్ళకి కొత్తగా చెప్పే పని లేదు కానీ, మెల్‌బోర్న్ ఎండ మన మే నెల ఎండ లాంటిది కాదు. మనకి 42 అంటే వరుసగా పది రోజులు 42. అక్కడ ఉత్తరం నుంచి, అంటే లోపలి ఎడారి వైపు నుంచి గాలి కొడితే ఒక్క రోజులో నలభై దాటుతది, సాయంత్రం దక్షిణం నుంచి సముద్రపు గాలి తిరిగిందంటే గంటలోపే పదిహేను డిగ్రీలు పడిపోతది. ఈ వారం నువ్వు డాబా ఎక్కి పతంగి ఎగరేస్తే తెలుస్తది, గాలి దిక్కు మారితే నీ మాంజా ఏమవుతదో అక్కడ లాబ్ షాట్, సర్వీస్ టాస్ అట్లనే అవుతయి. బాల్ పైకి ఎత్తేసే టాస్ ఉన్నోళ్ళు గాలి రోజున డబుల్ ఫాల్ట్‌లు చేస్తరు. టాస్ కిందికి ఉంచుకునేటోళ్ళు బతుకుతరు.

2014లో వరుసగా నాలుగు రోజులు నలభై దాటింది, కెనడా ఆటగాడు డాన్సెవిచ్ కోర్టు మీద కళ్ళు తిరిగి పడిపోయిండు, పడే ముందు బొమ్మల కథల్లోని స్నూపీ కుక్క కనిపించిందని తర్వాత చెప్పిండు. నవ్వొస్తది కానీ నవ్వే విషయం కాదు. 2019 నుంచి ఒకటి నుంచి ఐదు దాకా హీట్ స్కేల్ పెట్టిన్రు, గాలి వేడి, ఎండ సెగ, తేమ, గాలి వేగం నాలుగూ కలిపి లెక్కేస్తరు. నాలుగుకి వస్తే మెన్స్‌కి మూడో సెట్ తర్వాత, విమెన్స్‌కి రెండో సెట్ తర్వాత పది నిమిషాల బ్రేక్. ఐదుకి వస్తే బయటి కోర్టుల మీద ఆట ఆపేస్తరు, రాడ్ లేవర్, మార్గరెట్ కోర్ట్, జాన్ కేన్ ఈ మూడింటికి మాత్రం పైకప్పు మూసి ఆడిస్తరు. ఇక్కడే నీ పందెం సంగతి ఉంది. పైకప్పు ఉన్న కోర్టులు ఎవరికి ఇస్తరు? పెద్ద పేర్లకి. అంటే భయంకరమైన ఎండ రోజున పెద్ద సీడ్ నీడలో ఆడతడు, వాడి తర్వాతి ప్రత్యర్థి ఎండలో నాలుగు గంటలు మాడిపోయి వస్తడు. ఇది అన్యాయమే, కానీ పేర్లు రాసేటప్పుడు గుర్తుపెట్టుకో.

ఇంక గంటలు. నన్నడిగితే ర్యాంకు కంటే ఇదే ముఖ్యం. 2024 మెద్వెదెవ్‌ని చూడు. రెండో రౌండ్‌లో రూసువోరి మీద రెండు సెట్లు వెనకబడి గెలిచే సరికి తెల్లారుజాము 3:39. క్వార్టర్స్‌లో హుర్కాచ్ మీద ఐదు సెట్లు. సెమీస్‌లో అలెగ్జాండర్ జ్వెరెవ్ (ఇందాకటి మిషా తమ్ముడు) మీద మళ్ళీ రెండు సెట్లు వెనకబడి ఐదు సెట్లు. ఫైనల్‌లో సిన్నర్ మీద మొదటి రెండు సెట్లు 6-3, 6-3 గెలిచేసిండు, మా ఇంట్లో నేను లేచి ఇంక అయిపోయింది అని చాయ్ పెట్టుకోవడానికి పోయిన. వచ్చి చూస్తే కాళ్ళు కదులుతలేవు. 3-6, 3-6, 6-4, 6-4, 6-3 సిన్నర్ గెలిచిండు. ఆ టోర్నీలో మెద్వెదెవ్ కోర్టు మీద గడిపింది ఇరవై నాలుగు గంటల పైన, సిన్నర్ మాత్రం ఫైనల్ దాకా ఒకే ఒక్క సెట్ ఇచ్చిండు, అదీ జొకోవిచ్‌కి. ఆటలో తేడా ఏం లేదు తమ్మీ, బ్యాటరీలో తేడా. మరుసటి ఏడు కూడా మెద్వెదెవ్ రెండో రౌండ్‌లోనే పోయిండు, లర్నర్ టియెన్ అనే పంతొమ్మిదేండ్ల క్వాలిఫయర్ (ముందు అర్హత మ్యాచులు గెలిచి వచ్చినోడు) చేతిలో, ఐదో సెట్ టైబ్రేక్‌లో, అంటే 6-6 అయినాక ఆడే తేల్చుడు గేమ్‌లో, అది ముగిసింది తెల్లారుజాము 2:54కి. ఆ మనిషికి మెల్‌బోర్న్‌లో నిద్ర రాసిపెట్టి లేదు.

ఇది శాసనం కాదు, అది కూడా చెప్పాలె. 2009లో నాదల్ సెమీస్‌లో వెర్దాస్కోతో 5 గంటల 14 నిమిషాలు ఆడి, ఫైనల్‌లో ఫెడరర్‌ని మళ్ళీ ఐదు సెట్లలో కొట్టిండు. 2012లో జొకోవిచ్ సెమీస్‌లో ముర్రేతో ఐదు సెట్లు కొట్లాడి వచ్చి ఫైనల్‌లో నాదల్‌తో 5 గంటల 53 నిమిషాలు నిలబడ్డడు. కానీ అట్లాంటోళ్ళు ఎంతమంది ఉంటరు, ఇద్దరు ముగ్గురు. మిగతా అందరికీ మొదటి వారంలో రెండు ఐదు సెట్ల మ్యాచులు పడ్డయంటే రెండో వారంలో తొడ పట్టేస్తది. కాబట్టి డ్రా రాగానే నువ్వు రాసే పేరు పక్కన మొదటి మూడు రౌండ్లలో ఎవరు తగులుతున్నరో చూడు, గట్టిగా సర్వ్ చేసి టైబ్రేక్‌లకి లాగే మొండోళ్ళు ఇద్దరు వరుసగా ఉన్నరంటే ఆ సీడ్‌ని కొట్టేయ్. ఇంకొకటి, క్వాలిఫయర్లని తక్కువ చూడకు. వాళ్ళు అదే మెల్‌బోర్న్ పార్క్‌లో అప్పటికే మూడు మ్యాచులు గెలిచి వస్తరు, కోర్టు, గాలి, బాల్ అలవాటైపోయి ఉంటయి. పెద్ద సీడ్‌కి అది మొదటి మ్యాచ్. 2025లో ఫొన్సెకా క్వాలిఫయర్‌గా వచ్చి తొమ్మిదో సీడ్ రుబ్లెవ్‌ని వరుస సెట్లలో పంపేసిండు. 2021లో కరత్సెవ్ కూడా క్వాలిఫయింగ్ ఆడుకుంటూ వచ్చి (ఆ ఏడు మాత్రం కోవిడ్ వల్ల అది దోహాలో జరిగింది) తన మొదటి స్లామ్‌లోనే, అంటే ఏడాదికి నాలుగే ఉండే పెద్ద టోర్నీల్లో మొదటిదాంట్లోనే, సెమీస్ దాకా పోయిండు.

ముందు వారాల్లో బ్రిస్బేన్, అడిలైడ్ లాంటి చోట్ల వచ్చిన రిజల్ట్స్‌ని నమ్మాలా అంటే, సగం. 2024లో బ్రిస్బేన్ ఫైనల్‌లో రిబాకినా సబలెంకాని 6-0, 6-3 తుడిచిపెట్టింది. రెండు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో రిబాకినా రెండో రౌండ్‌లో బ్లింకోవా చేతిలో 22-20 టైబ్రేక్‌తో ఇంటికి పోయింది, సబలెంకా ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా కప్పు ఎత్తింది. ఆ ఏడు బ్రిస్బేన్ చూసి రాసినోళ్ళు మునిగిన్రు. అదే 2025లో మాడిసన్ కీస్ అడిలైడ్ గెలిచి ఆ ఊపులోనే వచ్చి, సెమీస్‌లో స్వియాటెక్ మీద మ్యాచ్ పాయింట్ కాచుకొని, ఫైనల్‌లో సబలెంకాని 6-3, 2-6, 7-5 కొట్టింది, సీడింగ్ 19. మరి దేన్ని నమ్మాలె? నేనైతే స్కోర్ చూడను, సర్వ్ చూస్త. కీస్ కొత్త రాకెట్‌కి మారి, సర్వ్ నిదానంగా, నమ్మకంగా వేసింది అడిలైడ్‌లో. అది కనిపించింది. సబలెంకా 2022 జనవరిలో అడిలైడ్‌లో డబుల్ ఫాల్ట్‌లు కుప్పలు పోసింది, కోర్టు మీదే ఏడ్చింది, ఆ తర్వాత బయోమెకానిక్స్ తెలిసిన మెక్‌మిలన్ అనే ఆయన దగ్గర సర్వ్ మొత్తం విప్పి మళ్ళీ కట్టుకుంది, 2023, 2024 రెండేండ్లు కప్పు కొట్టింది. ఇప్పుడు అదే ఆయన గాఫ్ దగ్గర ఉన్నడు, 2025 యుఎస్ ఓపెన్ ముందు నుంచి. కాబట్టి గాఫ్ మొదటి రౌండ్ మ్యాచ్ చూడు, రెండో సర్వ్ చెయ్యి వణకకుండా వస్తుందా లేదా. అంతకంటే ఏ నిపుణుడూ నీకు ఎక్కువ చెప్పలేడు.

ఇంక పేర్లు. ఇది రాసేటప్పటికి డ్రా రాలేదు, కాబట్టి నా మాట సగమే పట్టుకో.

మెన్స్‌లో అల్కరాజ్, సిన్నర్ ఇద్దరినీ కళ్ళు మూసుకొని రాయి, 2024, 2025 రెండేండ్ల స్లాములు ఎనిమిదీ వీళ్ళిద్దరే పంచుకున్నరు. సీడింగ్ ప్రకారం ఫైనల్ దాకా తగలరు. ఇద్దరూ ముందు టోర్నీ ఏదీ ఆడకుండా, కొరియాలో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడుకొని నేరుగా వస్తున్నరు. అల్కరాజ్‌కి ఈ ఒక్క స్లామే లేదు, ఇక్కడ ఇప్పటిదాకా క్వార్టర్స్ దాటలేదు, 2024లో జ్వెరెవ్, 2025లో జొకోవిచ్ ఆపిన్రు. గెలిస్తే 22 ఏండ్లకే నాలుగు స్లాములు పూర్తయితయి, నాదల్‌కి అది 24 ఏండ్లకి అయింది. డిసెంబర్‌లో ఏడేండ్లు నేర్పిన కోచ్ ఫెరేరోతో విడిపోయిండు, అదొక్కటే నాకు పీకుతుంది. కోచ్‌గా చెప్తున్న, మంచి టైమ్ నడుస్తున్నప్పుడు తేడా తెలియదు, 4-5 వెనకబడి కోచ్ కూర్చునే బాక్స్ వైపు చూసినప్పుడు తెలుస్తది.

సిన్నర్ రెండేండ్ల చాంపియన్, నవంబర్‌లో ట్యూరిన్‌లో, ఏడాది చివరి ఏటీపీ ఫైనల్స్‌లో, అల్కరాజ్‌ని కొట్టే ఏడాది ముగించిండు. ఈ కోర్టు మీద పేపర్ మీద ఆయనే ఫేవరెట్. కానీ ఎండ. 2025లో ఇక్కడే రూనే మీద ఆడుతుంటే చేతులు వణికినయి, డాక్టర్‌తో లోపలికి పోయి వచ్చిండు, నాలుగో సెట్‌లో తన సర్వ్ తగిలి నెట్టే ఊడిపోయి ఇరవై నిమిషాలు ఆట ఆగింది, అది దేవుడిచ్చిన విశ్రాంతి అనుకో. అక్టోబర్‌లో షాంఘైలో తొడ పట్టేసి మధ్యలోనే వదిలేసిండు. మొదటి వారంలో ఆయనకి పగటి మ్యాచ్ పడి ఆ రోజు నలభై ఉంటే నేను టీవీ ముందు నుంచి లేవను. ఫైనల్ మాత్రం రాత్రి, చల్లగా ఉంటది, అక్కడిదాకా వస్తే సిన్నరే. నా చాంపియన్ పేరు అదే, కొంచెం భయంతోనే.

జొకోవిచ్‌ని ఎనిమిదిలో రాయి, చాంపియన్‌గా రాయకు. ఇక్కడ పది కప్పులు, 38 ఏండ్లు, 2025లో నాలుగు స్లాముల్లోనూ సెమీస్‌కి వచ్చి నాలుగింటిలోనూ ఆగిపోయిండు, మెల్‌బోర్న్‌లోనైతే అల్కరాజ్ మీద గెలిచిన మ్యాచ్‌లో వచ్చిన తొడనొప్పితోనే సెమీస్‌లో ఒక సెట్ ఆడి చేతులెత్తేసిండు. సెమీస్, ఫైనల్ రెండూ కష్టమైనయి వరుసగా గెలవడం ఆ వయసులో అయితదా? అది బ్యాటరీ ప్రశ్నే మళ్ళీ. మా ఆవిడకి ఈ పేరా చూపించను.

జ్వెరెవ్ ఒకటి, 2025 ఫైనలిస్ట్, క్వార్టర్స్‌కి వచ్చే మనిషి, కప్పు ఎత్తే మనిషి అని ఇంకా నమ్మకం కుదరలేదు, మూడు స్లామ్ ఫైనల్స్ ఓడిండు. షెల్టన్ ఇక్కడ 2023లో క్వార్టర్స్, 2025లో సెమీస్ ఆడిండు, ఎడమచేతి సర్వ్ పగటి ఎండలో మస్తు ఎత్తు లేస్తది, రాయి. డి మినార్ ఆస్ట్రేలియా పిల్లగాడు, కాళ్ళు అరిగేదాకా పరిగెత్తుతడు, క్వార్టర్స్ దాకా వస్తడు, అక్కడ సిన్నర్ తగిలితే అంతే, సిన్నర్ మీద ఇప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు. ఆస్ట్రేలియా మగవాడు ఈ కప్పు చివరిసారి గెలిచింది 1976లో, ఎడ్మండ్‌సన్ అని 212వ ర్యాంకు మనిషి, ఈ జనవరికి సరిగ్గా యాభై ఏండ్లు. ఆ ఊరోళ్ళు మన వరల్డ్ కప్ బాధల లాంటివి పడుతుంటరు. మిగిలిన రెండు పేర్లు డ్రా చూసినాక రాయి, నా మనసులో మాత్రం ఒకటి టియెన్. అన్నట్టు డ్రేపర్ చేతి గాయంతో రావట్లేదు, రూనే మడమ నరం తెగి బయటే ఉన్నడు, లిస్టు దించేటప్పుడు వాళ్ళ పేర్లు రాసి నవ్వులపాలు కాకు.

విమెన్స్‌లో సబలెంకా వరుసగా మూడేండ్లు ఇక్కడ ఫైనల్ ఆడింది, రాయకుంటే తప్పు. స్వియాటెక్‌కి కూడా ఈ స్లామ్ ఒక్కటే మిగిలింది, నిరుడు వింబుల్డన్ ఫైనల్ 6-0, 6-0 గెలిచిన మనిషి ఇక్కడ మాత్రం సెమీస్ దాటలేదు, ఫ్లాట్‌గా గట్టిగా కొట్టేటోళ్ళు ఈ కోర్టు మీద ఆమెకి టైమ్ ఇవ్వరు. రిబాకినా నా పందెం గుర్రం. ఏడాది చివర్లో డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో సబలెంకాని కొట్టింది, మహిళల్లో ఆమె సర్వ్ లాంటిది ఇంకొకటి లేదు, ముఖంలో ఏ భావమూ కనపడదు కాబట్టి ఎదుటోళ్ళకి ఆమె అలసిపోయిందో లేదో అర్థం కాదు. నీ పన్నెండు మందిలో పది మంది సబలెంకా పేరే రాస్తరు, నువ్వు కూడా అదే రాయి, సేఫ్. నేను పందెంలో లేను కాబట్టి రిబాకినా అంటున్న. అనిసిమోవా నిరుడు రెండు స్లామ్ ఫైనల్స్ ఆడింది, పెగులా, గాఫ్ కూడా ఉండొచ్చు. విమెన్స్ మూడు సెట్లే కాబట్టి గంటల లెక్క తక్కువ పనిచేస్తది, ఒక్క చెడ్డ గంట చాలు ఇంటికి పోవడానికి, అందుకే ఇక్కడ నీకు ఎనిమిదిలో నాలుగు కరెక్ట్ అయినా చాలనుకో.

మనోళ్ళ సంగతి కూడా ఒక మాట. మన సానియా 2005లో 18 ఏండ్లకి ఇదే మెల్‌బోర్న్‌లో మూడో రౌండ్ దాకా పోయి సెరీనాతో ఆడింది, మరుసటి నెలే ఇక్కడ మన హైదరాబాద్ ఓపెన్ గెలిచింది, ఆ తర్వాత మా కోర్టులో ఆడపిల్లల సంఖ్య ఎట్ల పెరిగిందో నాకు తెలుసు, అప్పటిదాకా ఇద్దరే వచ్చేటోళ్ళు. 2009లో భూపతితో మిక్స్‌డ్, 2016లో హింగిస్‌తో డబుల్స్ అక్కడే గెలిచింది, చివరి స్లామ్ కూడా అక్కడే, 2023లో బోపన్నతో ఫైనల్ ఓడి. బోపన్న మరుసటి ఏడు 43 ఏండ్లకి ఎబ్డెన్‌తో డబుల్స్ కొట్టిండు. నవంబర్‌లో రిటైర్ అయిండు, కాబట్టి ఈసారి ఆయన లేని టోర్నీ. డబుల్స్‌లో యూకీ భాంబ్రీని చూడు, నిరుడు యుఎస్ ఓపెన్ సెమీస్ ఆడిండు, ఇదే మెల్‌బోర్న్‌లో 2009లో జూనియర్ కప్పు గెలిచిన పిల్లగాడు. సింగిల్స్‌లో నాగల్ 2024లో 31వ సీడ్ బుబ్లిక్‌ని కొట్టింది ఇప్పటికీ కళ్ళముందే ఉంది, 1989లో రమేశ్ కృష్ణన్ విలాండర్‌ని కొట్టిన తర్వాత స్లామ్‌లో ఒక సీడ్‌ని కొట్టిన భారతీయుడు ఆయనే. టియెన్‌ని, ఫొన్సెకాని తక్కువ చూడకు అన్నా కదా, నాగల్ కూడా ఆరోజు క్వాలిఫయరే.

ఆఫీస్ టైమ్‌లో ఎట్ల చూడాలె అని చివర్లో అడిగినవు. జనవరిలో మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందు. బయటి కోర్టుల మీద ఆట మనకి పొద్దున ఐదున్నరకి మొదలు, నైట్ సెషన్ మధ్యాహ్నం ఒకటిన్నరకి, అంటే నీ లంచ్ టైమ్‌కి. జనవరి 18 ఆదివారం మొదలు, 26న నాలుగో రౌండ్ ఉంటది, రిపబ్లిక్ డే సెలవు, వాళ్ళకీ అది ఆస్ట్రేలియా డే, రోజంతా చూడొచ్చు. క్వార్టర్స్ 27, 28. ఫైనల్స్ 31 శనివారం, ఫిబ్రవరి 1 ఆదివారం, మనకి మధ్యాహ్నం రెండింటికి, బిర్యానీ తినే టైమే. పొద్దున ఐదున్నరకి మా కోర్టుకి పిల్లలు వచ్చేస్తరు కాబట్టి మొదటి వారం నేను ఫోన్ బెంచీ మీద వాటర్ బాటిల్‌కి ఆనిచ్చి పెట్టుకుంట, బాస్కెట్‌లో నుంచి బాల్ ఫీడ్ చేసుకుంటనే ఒక కన్ను అటు వేస్త, పిల్లలు కనిపెట్టి "సార్ స్కోరెంత" అని అడిగి రెండు నిమిషాలు వార్మప్ ఎగ్గొడతరు.